చెరిగిపోయిన కదలిక

శేరిలింగంపల్లి మండలంలో కెమెరా గురించి పగలూ రాత్రీ ఆలోచించేవాళ్లకు కొదవ లేదు. నానక్‌రామ్‌గూడలో వన్‌ప్లస్ కంపెనీ 2019లో పరిశోధన కేంద్రం తెరిచినప్పుడు అందులో పెట్టిన ల్యాబుల్లో కెమెరా ల్యాబ్ ఒకటి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటరుకు బొమ్మను చదవడం నేర్పే పని కోసమే ఒక కేంద్రం ఉంది. సినిమావాళ్ల రామానాయుడు స్టూడియో ఒకటి కూడా ఆ నానక్‌రామ్‌గూడలోనే వెలిసింది. వీళ్లందరికీ రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది, బొమ్మ కదలడం. ఫోటో స్టూడియోల మాటలో చెప్పాలంటే ‘షేక్ అవడం’. దీన్ని ఎలా తగ్గించాలో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. బొమ్మ కదిలిందన్న సంగతి ఏ కాలంలో ఎవరికి, ఎంత ఆలస్యంగా తెలిసిందన్న చరిత్రను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా దృష్టిలో అసలు చరిత్ర అక్కడే ఉంది. తప్పు వెంటనే తెలిసిన కాలాల్లో కదిలిన బొమ్మలు మనదాకా రాలేదు. ఆలస్యంగా తెలిసిన కాలంలోవే మిగిలాయి. మన తాతల ముత్తాతల హైదరాబాదు ఫోటోల్లో అంత నిశ్చలంగా కనిపించడానికి కెమెరా మందకొడితనం ఒక కారణం. కదిలిందని అప్పటికప్పుడు తెలిసిపోయి తుడిచేయడం రెండో కారణం.

ముందు కొలతలు చూద్దాం. మామూలు నడకతో పోయే మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 140 సెంటీమీటర్లు కదులుతాడు. కెమెరా కన్ను సెకనులో ముప్పయ్యో వంతు తెరుచుకుందంటే ఆ లోపల అతను నాలుగున్నర సెంటీమీటర్లకు పైగా జరిగిపోయాడు. పది మీటర్ల దూరంలో ఉన్న ఆ మనిషిని 50 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు రెండు వందల రెట్లు చిన్నది చేసి ఫిల్ము మీద వేస్తుంది. కాబట్టి ఫిల్ము మీద చెదిరింది మిల్లీమీటరులో పావు వంతుకు కాస్త తక్కువ. వినడానికి ఏమీ కాదు. అదే 35 మిల్లీమీటర్ల ఫిల్మును ఆరు బై నాలుగు అంగుళాల ప్రింటు వేయిస్తే ముఖం నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుంటుంది, చెదిరింది ఒక మిల్లీమీటరవుతుంది. ఇక కన్ను ఎక్కడో, కనుబొమ ఎక్కడో చెప్పలేం. సెకనులో 125వ వంతుకు తగ్గిస్తే ఆ ప్రింటులో బాగానే ఉంటుంది, గోడకు వేలాడే మీటరు వెడల్పు పటంగా పెంచితే మళ్లీ చెదురుతుంది. అందువల్ల కదలిక ‘ఉంది’ ‘లేదు’ అని తేల్చే విషయం కాదు. ఎంత పెద్దదిగా చూశామన్న దాన్ని బట్టి తెలిసేది. ఈ మాట తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోవాలి.

హైదరాబాదుకు కెమెరా తొందరగానే వచ్చింది. మద్రాసు ఫిరంగి దళానికి చెందిన కెప్టెన్ అలన్ స్కాట్ హైదరాబాదు, సికిందరాబాదుల్లో తీసిన వంద ఫోటోలు 1862లో లండన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. అప్పటి విద్య తడి పలకది. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన ఆ పద్ధతిలో గాజుపలక మీద కొలోడియన్ పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీసి, తడి ఆరకముందే కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. కొలోడియన్‌లో ఉండే ఈథర్ ఊరికే ఆవిరైపోయేది, మన వేసవిలో ఆ గడువు ఇంకా కుంచించుకుపోయేది. అందుకే ఫోటోగ్రాఫరు ఎక్కడికి పోతే అక్కడికి చీకటి గుడారం, సీసాలు, నీళ్లు మోసే కూలీలు వెంట పోవలసిందే. ఈ కష్టాన్ని గురించి చాలామంది రాశారు. అయితే దాని వెనక ఉన్న ఒక సౌకర్యాన్ని మనం మరచిపోయాం. ఆ ఫోటోగ్రాఫరు తన బొమ్మను కొద్ది నిమిషాల్లో చూసేవాడు. గుడారంలోంచి పలక బయటికి తీసి వెలుతురుకు ఎత్తిపట్టగానే ఎవరు కదిలారో, చెట్టుకొమ్మ ఎక్కడ ఊగిందో తెలిసిపోయేది. మనుషులు ఇంకా అక్కడే నిలబడి ఉండేవాళ్లు, మళ్లీ తీసేవాడు. చెడిన పలకను ఏం చేసేవాడు? గాజు ఖరీదైనది, దూరాలు మోయాల్సినది. పొరను గీకి, కడిగి, అదే గాజు మీద మళ్లీ కొలోడియన్ పోయడం ఆ కాలపు మామూలు పద్ధతి. కదిలిన బొమ్మ నీళ్లలో కలిసిపోయేది.

దీని ఫలితం చిన్నది కాదు. 1838లో పారిస్‌లో దగేర్ తీసిన వీధి ఫోటోలో బళ్లూ జనమూ కనిపించరు, బూట్లు తుడిపించుకుంటూ నిలబడిపోయిన ఒక మనిషి ఆకారమే ప్రస్ఫుటంగా ఉంది. వీధి ఖాళీగా లేదు. కదిలినవాళ్లు పలక మీద అంటలేదు. మన దగ్గరా అదే జరిగింది, ఇంకో అంచె ఎక్కువగా జరిగింది. కదలిక పూర్తిగా మాయమైతే బొమ్మ నిలిచేది, సగం చెదిరితే పలక కడిగేసేవాళ్లు. కాబట్టి మనకు మిగిలింది బొత్తిగా కదలని లోకం, లేదా కదలనట్టు నిలబెట్టిన లోకం. 1870 ప్రాంతంలో మద్రాసు సైన్యానికి చెందిన హూపర్, వెటర్నరీ సర్జన్ జార్జ్ వెస్టర్న్ కలిసి పులివేట దృశ్యాలను వరుసగా తీశారు. దూకే పులిని పట్టే శక్తి అప్పటి కెమెరాకు లేదు కనుక వేటనంతా కూర్చి, నిలబెట్టి తీశారు. 1874లో సికిందరాబాదు నుంచి వాడికి నిజాం రైలు మార్గం తెరిచారు. లింగంపల్లి ఆ దారిలోదే. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయే బండి, కెమెరా రెండు సెకన్లు తెరిచి ఉంచినా, ఆ లోపల పదహారు మీటర్లకు పైగా దాటిపోతుంది. తడి పలక ముందర ఆ బండి ఒక పొగ చారగా కూడా నిలవదు. స్టేషనులో ఆగిన రైలు బొమ్మలే పాత ఆల్బముల్లో ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం.

లాలా దీన్ దయాళ్ కథ ఇక్కడ మలుపు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ 1870ల్లో కెమెరా పట్టిన ఈ మనిషి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరై, సికిందరాబాదులో స్టూడియో పెట్టి, రాజా బిరుదు పొంది 1905లో కన్నుమూశాడు. 1892లో హైదరాబాదులో ఆయన సంస్థ ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే నడిపే జనానా స్టూడియో తెరిచింది. ఆయన తొలి బొమ్మలు తడి పలకలవి, 1880ల నుంచి జెలటిన్ పొడి పలకలు చేతికొచ్చాయి. పొడి పలకకు వెలుతురు చాలా తక్కువ చాలు. సెకనులో చిన్న భాగంతో బొమ్మ పడుతుంది. గుర్రాలు, సైన్యపు కవాతులు, వేట బిడారాలు ఆయన కెమెరాకు అందాయంటే పొడి పలక వేగం వల్లే. ఆ వేగంతో పాటు వచ్చిన రెండో సంగతిని మాత్రం చాలామంది గమనించలేదు. పొడి పలకను అప్పుడే కడగనక్కర్లేదు. నెలల తర్వాత, ఊరు చేరాక, చీకటి గదిలో తీరిగ్గా కడుక్కోవచ్చు. గుడారం బరువు తగ్గింది. తప్పు తెలియడానికి పట్టే కాలం నిమిషాల నుంచి వారాలకు పెరిగింది. కెమెరా వేగం పెరిగిన చోటే తెలివిడి మందగించింది. సాంకేతిక చరిత్రను తిన్నగా పైకెక్కే మెట్లుగా చూసేవాళ్లకు ఇది మింగుడుపడదు, కానీ జరిగింది ఇదే.

ఆ దూరాన్ని రోలు ఫిల్ము ఇంకా పెంచింది. 1888 నాటి మొదటి కోడక్ కెమెరాలో వంద బొమ్మలు పట్టే రోలు నింపి ఇచ్చేవారు, అయిపోయాక కెమెరాను కెమెరాగా ఫ్యాక్టరీకి పంపాలి. తీసేవాడు ఒకడు, కడిగేవాడు ఇంకొకడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా మన ఊళ్లలో నడిచిందీ ఈ ఏర్పాటే. ముప్పై ఆరు బొమ్మల రీలు పూర్తయ్యేదాకా ఆగాలి, స్టూడియోలో ఇవ్వాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. ఆ నూరేళ్ల ఆందోళనంతా పోగై కనిపించేది తలంబ్రాల దగ్గర. జిలకర్ర బెల్లం దగ్గర చేతులు నిలకడగా ఉంటాయి, ఫోటోగ్రాఫరు ‘ఒక్క నిమిషం అలాగే ఉంచండి’ అనొచ్చు. తలంబ్రాలకు ఆ అవకాశం లేదు. పెళ్లికూతురు దోసిలి ఎత్తుతుంది, గింజలు గాలిలో ఉంటాయి, పక్కనున్న పిల్లలు ఎగురుతుంటారు. ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు వంటి క్షణం, గింజలు గాలిలో ఆగిపోతాయి. అదే వేళ షట్టరు సెకనులో అరవయ్యో వంతు తెరుచుకునే ఉంటుంది కనుక మండపంలో వేలాడే బల్బుల వెలుగులో చేతి వెంట ఒక నీడ సాగుతుంది. ఒకే చేయి ఒకసారి పదునుగా, దాని మీద ఇంకోసారి పొగలా. ఆ బొమ్మ బాగా వచ్చిందా చెడిందా అన్నది ఆల్బము వచ్చేదాకా ఎవరికీ తెలియదు. అప్పటికి పెళ్లి అయిపోయింది. మళ్లీ తీయడానికి లేదు, పారేయడానికి మనసు రాదు. ప్రింటు వేయించకపోయినా నెగటివ్ ఆరు బొమ్మల ఫిల్ము ముక్కలో ఇరుగు పొరుగు బొమ్మలతో అతుక్కుని కవరులో ఉండిపోయేది. కదిలిన బొమ్మలు బతికి బట్టకట్టింది ఈ నూరేళ్లలోనే. ఎవరో దయతలచి దాచలేదు. తప్పు ఆలస్యంగా తెలియడమే వాటిని కాపాడింది.

సినిమావాళ్లు ఈ ఆలస్యాన్ని భరించలేకపోయారు, ఎందుకంటే సెట్టు, కాల్షీటు, జనం అన్నీ ఖర్చే. హైదరాబాదులో షూటింగు చేసినా ల్యాబు చాలాకాలం మద్రాసులోనే, రషెస్ అనే తొలి ప్రింట్లు వచ్చి చూస్తే కాని షాట్ సంగతి తేలేది కాదు. కెమెరా వెనక ఉన్నవాడు చూస్తూనే ఉన్నాడు కదా, అతనికి తెలియదా అని అడగొచ్చు. తెలియదు. దానికి కారణం ఈ విషయమంతటికీ తాళంచెవి లాంటిది. 1937 నాటి ఆరిఫ్లెక్స్ మొదలు చాలా సినిమా కెమెరాల్లో షట్టరే అద్దం, గిరగిరా తిరుగుతుంది. షట్టరు తెరుచుకుని ఫిల్ముకు వెలుతురు పోయినంతసేపూ వ్యూఫైండరు చీకటి. అద్దం అడ్డొచ్చి వెలుతురును వ్యూఫైండరుకు మళ్లించినప్పుడు ఫిల్ము చీకట్లో ముందుకు జరుగుతుంటుంది. సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టరు అంటే ప్రతి ఫ్రేముకూ సెకనులో 48వ వంతు ఫిల్ముది, మిగిలిన 48వ వంతు కంటిది. కెమెరామన్ చూసిన క్షణాల్లో ఒక్కటీ ఫిల్ము మీద లేదు, ఫిల్ము మీద పడ్డ క్షణాల్లో ఒక్కటీ అతను చూడలేదు. తర్వాత ఆ వ్యూఫైండరుకే చిన్న వీడియో కెమెరా తగిలించి మానిటరులో చూసే వీడియో అసిస్ట్ వచ్చింది. ఫిల్మూ ఎలక్ట్రానిక్ బొమ్మా కలిసి పనిచేసే కెమెరాను జంట కెమెరా అనుకుంటే, మనవాళ్లు నిజంగా వాడింది ఇదే. నటన, ఫ్రేము చూసుకోవడానికి అది గొప్ప సాయం. కదలిక సంగతి చెప్పడానికి మాత్రం పక్క గదిలో ఉన్న సాక్షి లాంటిది, చప్పుడు వింటుంది కాని మనిషిని చూడదు.

ఇంటి కెమెరాల్లో ఇదే జంట కోడక్ కంపెనీ చేతుల్లో తయారైంది. ఆ కంపెనీ ఇంజినీరు స్టీవ్ సాసన్ 1975లో చేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. 1991లో అదే కంపెనీ నికాన్ ఎఫ్3 అనే ఫిల్ము కెమెరా ఒంటికి డిజిటల్ సెన్సరు తగిలించి అమ్మింది. 2001లో వచ్చిన అడ్వాంటిక్స్ ప్రివ్యూలో రెండూ పక్కపక్కన చేరాయి. మీట నొక్కగానే ఫిల్ము మీద ఒక బొమ్మ, సెన్సరు మీద ఒక బొమ్మ, వెనక చిన్న తెర మీద రెండో దాని దర్శనం. ఎన్ని ప్రింట్లు కావాలో, అసలు వద్దో అక్కడే చెప్పొచ్చు. ఇలాంటి కెమెరాలో కదలికను కనిపెట్టే మార్గాలు రెండు. ఒకటి, ఒక్క బొమ్మనే పరీక్షించడం. కెమెరా పక్కకు కదిలితే నిలువు గీతలు చెదురుతాయి, అడ్డగీతలు పదునుగా ఉంటాయి. ఫోకస్ తప్పితే అన్ని వైపులా ఒకేలా మెత్తబడుతుంది. ఈ తేడా చూసి ఇది కదలికా, ఫోకస్ తప్పా అని చెప్పొచ్చు. రెండోది, ఫిల్ముకు వెలుతురు పోతున్నంతలోనే సెన్సరుతో చిట్టి బొమ్మలు రెండు మూడు తీసి ఒకదాని మీద ఒకటి వేసి చూడడం. గీతలు ఎంత జరిగితే ఫిల్ము మీద అంత చెదిరినట్టు. రెండో మార్గం మెరుగైనది, ఎందుకంటే ఆరిఫ్లెక్స్ అద్దానికి లేనిది దీనికి ఉంది, సాక్షి అదే క్షణంలో అక్కడే ఉన్నాడు. మనిషి కంటికి తీర్పు వదిలేస్తే ఏమవుతుందో మొదటి కొలతల్లోనే ఉంది. రెండంగుళాల లోపు తెర వెడల్పు 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఫ్రేమంతే. అందులో ఆ మనిషి ముఖం ఒక మిల్లీమీటరు, చెదిరింది పావు మిల్లీమీటరు. ఆ తెర మీద చెడ్డ ఫోటో అంటూ ఉండదు. తెర చూసి సంతోషించిన మనిషి ప్రింటు చూసి దిగాలు పడతాడు. యంత్రమే కొలిచి హెచ్చరించాలన్న ఆలోచన పుట్టింది ఈ మోసం నుంచే.

ఆ కెమెరా నిలవలేదు కదా, కోడక్ 2004లో ఆ తరహా ఫిల్ము కెమెరాల తయారీ ఆపేస్తామని ప్రకటించింది కదా, పోయిన దాని గురించి ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అనొచ్చు. కెమెరా పోయింది, ఆలోచన పోలేదు. తప్పు తెలిసేసరికి ఫిల్ము ఖర్చయిపోవడం ఆ జంట కెమెరాకున్న లోపం. సెన్సరుకు ఆ ఖర్చు లేదు కనుక ఇవాళ్టి ఫోను ఒకటికి పది తీస్తుంది. గూగుల్ ఇంజినీర్లు 2016లో వివరించిన హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతిలో ఫోను వరుసగా తీసిన చిట్టి బొమ్మల్లో పదునైనదాన్ని ఆధారంగా ఎంచుకుని మిగతావాటిని దాని మీద కలుపుతుంది. జంట కెమెరాలో హెచ్చరించడం వరకే చేయగలిగిన సాక్షి ఇప్పుడు న్యాయమూర్తి అయ్యాడు, తీర్పు చెప్పడమే కాకుండా ఓడినవాటిని మన కంటపడనివ్వకుండా తీసేస్తున్నాడు. తడి పలక ఫోటోగ్రాఫరు పొర గీకేసిన పనే ఇది. తేడా ఏమిటంటే అతను తను గీకేదేమిటో చూసి గీకేవాడు. నూట అరవై ఏళ్లకు మనం బయల్దేరిన చోటికే వచ్చాం. రాయదుర్గం మెట్రోలో కిటికీ పక్కన కూర్చుని ఫోనుతో తీస్తే స్తంభాలు పక్కకు వాలినట్టు పడతాయి. సెన్సరు వరుస తర్వాత వరుసగా చదవడం వల్ల వచ్చే వంకర అది, చెదరడం కాదు. అలాంటి వంకరను సరిదిద్దే పని కూడా ఫోను తనంతట తనే చేయడం నేర్చుకుంటోంది. ఇలా కిటికీ నుంచి నేడు తీసే బొమ్మల్లో రైలు వేగం తాలూకు జాడ మిగలడం రోజురోజుకూ కష్టమవుతోంది.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. చెదిరిన బొమ్మ చెడ్డ సాక్ష్యం, పదునైనదే మంచి సాక్ష్యం, చెడ్డది పోతే నష్టమేమిటి? ముఖం గుర్తుపట్టడానికైతే ఈ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ సాక్ష్యం ముఖం ఒక్కదానికే కాదు. షట్టరు ఎంతసేపు తెరుచుకుందో తెలిస్తే చెదిరిన చారను కొలిచి బండి వేగం లెక్కకట్టొచ్చు. వేగం తెలిస్తే షట్టరు కాలం లెక్కకట్టొచ్చు. పదునైన బొమ్మలో ఈ రెండూ ఉండవు, అది ఏ వేగంతో పోయే బండినైనా ఆగిన బండి లాగానే చూపిస్తుంది. ఈ సంగతి సినిమావాళ్లకు బాగా తెలుసు. కంప్యూటరు పుట్టించిన బొమ్మకు తనంతట తానుగా చెదరడం రాదు. 2012లో వచ్చిన ‘ఈగ’ లాంటి సినిమాలో కంప్యూటరు ఈగను నటుల మధ్య ఎగరనివ్వాలంటే షట్టరు కాలానికి సరిపడా చెదురును లెక్కగట్టి వేయాలి, లేకపోతే రెక్కలు కత్తిరించి అతికించినట్టుంటాయి. అంటే ఒకే ఊళ్లో ఒక గదిలో కదలికను కనిపెట్టి తీసేస్తుంటే, ఇంకో గదిలో అదే కదలికను కష్టపడి అద్దాల్సి వస్తుంది. చెదరడం కాలం తాలూకు ముద్ర అని ఒప్పుకున్నవాళ్లే దాన్ని అంత ఖర్చుపెట్టి వెనక్కి తెచ్చుకుంటారు.

దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దగ్గర 1989 నుంచి భద్రంగా ఉన్నాయి. అవి స్టూడియో తనంతట తాను ఏరి, నంబరు వేసి ఉంచుకున్న బొమ్మలు. ఏరివేత తర్వాత మిగిలినవాటిని కాపాడడానికి ఒక జాతీయ సంస్థ ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరవకముందు మన శేరిలింగంపల్లి బండలు, చెరువుగట్లు, లింగంపల్లి ప్లాట్‌ఫారం, ఊరేగింపులు, పెళ్లిళ్లు ఎలా కదిలాయో చూపించే నెగటివ్‌లకు అలాంటి దిక్కు లేదు. అవి ఈ చుట్టుపక్కల ఇళ్లలో బీరువాల అడుగున పాత స్టూడియో కవర్లలో ఉన్నాయి, తేమకు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. ఇంట్లో అలాంటి కవరు ఉంటే స్కాన్ చేయించేటప్పుడు బాగున్నవి మాత్రమే ఏరి ఇవ్వకండి. షేక్ అయినవాటితో సహా రీలు మొత్తం చేయించండి.